గవి, బూడిద మేట, పాటిదిబ్బ: రాయలసీమలో పురాతన ఆవాసాల మట్టిని చదవదలచినవారికి ఎంపిక సలహా

కర్నూలు, అనంతపురం, కడప విశ్వవిద్యాలయాల్లో చరిత్రో భూగర్భ శాస్త్రమో చదివి, ప్రాజెక్టు కోసమో పరిశోధన పట్టా కోసమో పురాతన మానవ ఆవాసాల మీద పనిచేయదలచిన విద్యార్థులు మొదట అడిగే ప్రశ్న, ఏ స్థలం తీసుకోవాలన్నదే. బిల్లసుర్గం గుహలా, అగ్నిపర్వత బూడిదకు పేరుపడ్డ జ్వాలాపురమా, లేక తమ ఊరి పక్కనున్న పాటిదిబ్బా (పాతకాలపు ఊరు పాడుపడి మిగిలిన మట్టిదిబ్బ)? ఎక్కువమంది పేరున్న స్థలం వైపే మొగ్గుతారు. నేను మాత్రం స్థలానికున్న పేరును పక్కనపెట్టి, అక్కడి మట్టి అక్కడికి ఎలా చేరిందో చూసి ఎంచుకోమంటాను. నేలలో దొరికే రాతి పనిముట్టు గానీ కుండపెంకు గానీ ఎముక గానీ మనిషి వదిలిన చోటే ఉండిపోదు. వాననీరు కొన్నిటిని పల్లానికి దొర్లిస్తుంది, ఎలుకలూ చెదలూ చెట్ల వేళ్లూ కొన్నిటిని కదిలిస్తాయి, నాగలి మరికొన్నిటిని తిరగేస్తుంది. మనిషి చేసిన మార్పునూ ప్రకృతి చేసిన మార్పునూ విడదీసి చూడాలని 1970ల నుంచి అమెరికా పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ షిఫర్ వంటివారు పట్టుబట్టి చెబుతూ వచ్చారు. ఆ పని జరగకుండా వస్తువుల అమరికను బట్టి ఆనాటి జీవితాన్ని ఊహించడం సాహసమే అవుతుంది.

మన ప్రాంతానికున్న అదృష్టం ఏమిటంటే, ఒక్క పూట ప్రయాణ దూరంలోనే మూడు నాలుగు రకాల మేటలు, అంటే పేరుకున్న మట్టి పొరలు, కనిపిస్తాయి. బేతంచెర్ల, బనగానపల్లె వైపు సున్నపురాతి గవులు (గుహలు), జుర్రేరు లోయలో సుమత్రా నుంచి గాలికి కొట్టుకొచ్చిన అగ్నిపర్వత బూడిద, కుందూ నది వెంట నల్లరేగడి, అనంతపురం వైపు గ్రానైటు మీద ఏర్పడిన ఎర్రనేల ఉన్నాయి. ఒక్కో నేలకు దాచిపెట్టే గుణం ఒకటి, పాడుచేసే గుణం ఒకటి ఉంటాయి. అందువల్ల ఈ పోలికలో స్థలాల గొప్పతనాన్ని తూచడం కంటే, ఏ ప్రశ్నకు ఏ నేల జవాబు చెప్పగలదో చూడడమే నా ఉద్దేశం.

గవులు: ఎముక దొరుకుతుంది, కానీ తెచ్చిందెవరు?

ప్రస్తుతం నంద్యాల జిల్లాలో ఉన్న బిల్లసుర్గం గుహలను 1844లోనే కెప్టెన్ న్యూబోల్డ్ లోకానికి తెలియజేశారు. 1883–84లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ అక్కడ తవ్వకాలు జరిపించారు. సున్నపురాయి వల్ల మట్టిలో క్షారగుణం ఉంటుంది గనుక, మన ఎర్రనేలల్లో కరిగిపోయే ఎముకలు ఇక్కడ నిలుస్తాయి. 2014లో వెలువడిన ఒక పరిశోధన, ఈ గుహల మేటల్లో గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో ఒకటి తప్ప మిగిలినవన్నీ సుమారు రెండు లక్షల ఏళ్ల మార్పులను తట్టుకొని ఉపఖండంలో కొనసాగాయని చూపగలిగిందంటే, అది ఈ ఎముకల పుణ్యమే. ఆనాటి జంతువులు, వాతావరణం మీ ప్రశ్న అయితే గవికి సాటివచ్చే స్థలం మన దగ్గర మరొకటి లేదు.

మనిషి మీ ప్రశ్న అయితే మాత్రం జాగ్రత్త అవసరం. గుహలోకి ఎముకలు చేర్చేవారిలో మనిషి ఒక్కడే కాడు. ముళ్లపంది ఎముకలను మోసుకొచ్చి పళ్లు అరగదీసుకుంటుంది, దుమ్ములగొండి, గుడ్లగూబ తమ వంతు చేరుస్తాయి. ఫుట్ ఎముక పనిముట్లుగా గుర్తించినవాటిపై తర్వాతి తరాలు సందేహం వెలిబుచ్చడానికి కారణం ఇదే. గుహ కప్పు నుంచి రాలిన సున్నపురాళ్లు పొరలను కుంగదీస్తాయి, చుక్కచుక్కగా కారే నీరు మట్టిని రాయిలా గట్టిపరుస్తుంది, గబ్బిలాల పెంట కింది పొరల్లోకి ఆమ్లాన్ని దింపి ఎముకలను అక్కడక్కడ తినేస్తుంది. ఫాస్ఫేటు ఎక్కువగా ఉంటే మనిషి నివాసమని చెప్పే మామూలు పరీక్ష గవిలో పనికిరాదు, ఎందుకంటే గబ్బిలాలే దాన్ని నింపేస్తాయి. ఇక్కడ నమ్మదగిన ఆనవాలు పొయ్యి. 1970లలో పురావస్తువేత్త ఎం.ఎల్.కె. మూర్తి తవ్విన ముచ్చట్ల చింతమాను గవిలో కాలిన మట్టితో కూడిన పొయ్యి జాడ దొరికింది గనుకనే, దానికి సుమారు 17,000 ఏళ్ల కాలం కట్టగలిగారు. ఎముక ఎలాగైనా వచ్చి ఉండవచ్చు గానీ, ఒకే చోట కింద ఎర్రబడిన మట్టి, దాని మీద బొగ్గు, ఆపైన బూడిద వరుసగా ఉంటే అక్కడ మంట వేశారని చెప్పడానికి గట్టి ఆధారం ఉన్నట్టే.

కాబట్టి సూక్ష్మదర్శిని పని చేయగల సదుపాయం ఉన్నవారికే గవిని సిఫారసు చేస్తాను. ఇందులో మట్టిని కదలకుండా దిమ్మగా తీసి, రెసిన్ పోసి, గట్టిపడిన తర్వాత సుమారు 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందానికి అరగదీసి చూడాలి. రెసిన్ ఇంకి గట్టిపడడానికే వారాలు పడుతుంది. పలకలు కోసే యంత్రాలు భూగర్భ శాస్త్ర విభాగాల్లోనే ఉంటాయి, చరిత్ర విభాగం విద్యార్థి వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. ఆ పలకలో కాలిన ఎముక, గబ్బిలం పెంట నుంచి పుట్టిన ఖనిజం, నీటితో కొట్టుకొచ్చిన ఒండ్రు వేర్వేరుగా కనిపిస్తాయి. గవిలో ఈ పద్ధతి లేకుండా కేవలం జల్లెడ పట్టి రేణువుల పరిమాణం కొలిస్తే చెప్పగలిగింది చాలా తక్కువ.

జ్వాలాపురం: కాలం స్పష్టం, మనిషి అస్పష్టం

జుర్రేరు లోయలో, యాగంటికి దగ్గరలోని జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ల కిందట పేలిన టోబా అగ్నిపర్వతపు బూడిద కొన్నిచోట్ల రెండు మీటర్లకు మించిన మందంతో ఉంది. ఆ బూడిదను ఊరివాళ్లు తవ్వి అమ్ముకున్న గోతులే శాస్త్రవేత్తలకు మంచి సెక్షన్లు, అంటే పొరలు కనిపించే నిలువు కోతలు, ఇచ్చాయి. 2007లో మైకేల్ పెట్రాలియా, రవి కోరిశెట్టర్ బృందం బూడిదకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు ఉన్నాయని ప్రకటించాక ఈ ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది.

మేట చదవడం ఎందుకు ముఖ్యమో ఇక్కడ కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. ఆకాశం నుంచి నేరుగా రాలిన బూడిద అడుగున కొన్ని సెంటీమీటర్లే. మిగిలిందంతా చుట్టూ ఉన్న గుట్టల మీద పడి, తర్వాతి వానలకు లోయలోకి కొట్టుకొచ్చి పేరుకున్నదే. అడుగు పొరను వేళ్ల మధ్య నలిపితే పిండిలా మెత్తగా, ఇసుక పలుకు లేకుండా ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ ఒండ్రు, ఇసుక కలుస్తాయి. రెండు మీటర్ల బూడిద అంటే రెండు మీటర్లు రాలిందని భ్రమపడినవారు వాతావరణం గురించి చాలా పెద్ద మాటలు చెప్పే ప్రమాదముంది. తేదీల సంగతీ అంతే. బూడిద కింది పొరకు 77,000 ఏళ్లు, పై పొరకు 74,000 ఏళ్లు అన్న కాంతి ఉద్దీపన తేదీలు (ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసిన కాలాన్ని చెప్పేవి) వచ్చాయి. వాటికి ఆరేడు వేల ఏళ్ల హెచ్చుతగ్గులు ఉన్నాయి గనుక రెండూ ఒకదానిమీద ఒకటి పడతాయి. పేలుడు తర్వాత మనుషులు ఎంతకాలానికి తిరిగి వచ్చారో, అసలు వెళ్లారో లేదో ఆ అంకెలు మాత్రమే తేల్చలేవు. ఆ పనిముట్లు ఏ మానవ జాతివన్నది కూడా, ఆ పొరల్లో మనిషి ఎముక లేనందువల్ల, వాదంలోనే ఉంది.

కాంతి ఉద్దీపన పద్ధతి చేయగలిగినవారికి, అంటే అహ్మదాబాదులోని భౌతిక పరిశోధన ప్రయోగశాల వంటి చోట సహకారం సంపాదించగలిగినవారికి, ఈ లోయ చాలా మంచి ఎంపిక. ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో ఆ పద్ధతి కొలుస్తుంది గనుక, నమూనాను వెలుగు సోకని ఇనుప గొట్టంలో తీయాలి, గొట్టం రెండు కొనలనూ నల్లటి ప్లాస్టిక్‌తో మూయాలి, చుట్టుపక్కల మట్టిని వికిరణం లెక్క కోసం విడిగా తీయాలి. బొగ్గు, గింజ వంటివాటికి వయసు కట్టే రేడియో కార్బన్ పద్ధతి దాదాపు 50,000 ఏళ్లకు మించి వెనక్కి పోలేదు కాబట్టి టోబా పొరలకు దాన్ని తలచుకోవడమే వృథా. అదే లోయలోని తొమ్మిదో నంబరు రాతి చాటున సుమారు 35,000 ఏళ్ల నాటి సూక్ష్మశిలా పనిముట్లు దొరికాయి, అక్కడైతే రేడియో కార్బన్ పనికొస్తుంది.

బూదిదిబ్బలు, పాటిదిబ్బలు

నా మనసు ఎక్కువగా ఉన్నది వీటి మీదే, మొదటిసారి పనిచేసేవారికి నేను చూపించేదీ వీటినే. సుమారు 5,000 ఏళ్ల కిందట మొదలైన దక్షిణాది కొత్తరాతియుగంలో పశువుల మందలను దొడ్లలో కట్టి, పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ కాల్చగా ఏర్పడినవి బూదిదిబ్బలు. అనంతపురం జిల్లా పాల్వాయిలో ఒకటి తవ్వారు, బళ్లారి చుట్టూ అనేకం ఉన్నాయి. మహబూబ్‌నగర్ వైపు ఉట్నూరులో 1957లో బ్రిటిష్ పురావస్తువేత్త ఆల్చిన్ తవ్వినప్పుడు దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంతలతో పాటు పశువుల గిట్టల ముద్రలు కూడా బయటపడ్డాయి. 1960లో ఫ్రెడరిక్ జ్యూనర్ అనే శాస్త్రవేత్త ప్రచురించిన విశ్లేషణతో అది పేడ బూడిదేనన్న మాట స్థిరపడింది.

ఈ దిబ్బల్లో చిట్టెం లాంటి గట్టి ముద్దలు దొరుకుతాయి. చూసినవారు వెంటనే ఇనుము కరిగించారనుకుంటారు. చేతిలోకి తీసుకుంటే తేడా తెలుస్తుంది. ఇనుప చిట్టెం బరువుగా, తుప్పు రంగుతో ఉంటుంది. పేడ కరిగి గడ్డకట్టినది తేలికగా, బుడగలతో బోలుగా, కొన్నిచోట్ల గడ్డికాడల అచ్చులతో ఉంటుంది. గడ్డిలోని సిలికా తీవ్రమైన వేడికి కరగడం వల్ల అది అలా మారుతుంది. నెమరువేసే పశువుల పేగుల్లో పుట్టే సున్నపు గుండ్లు, ఒక్కొక్కటి 5 నుంచి 20 మైక్రాన్ల వరకు ఉండేవి, అంతగా కాలని పేడలో నిలిచి ఉంటాయి, 700 డిగ్రీల వేడి దాటితే నశిస్తాయి. సిలికా కరిగిన పొర ఏది, గుండ్లు మిగిలిన పొర ఏది అని వరుసగా చూసుకుంటే మంట ఎక్కడ ఎంత తీవ్రంగా మండిందో అంచనాకు వస్తుంది. మామూలు ధ్రువణ సూక్ష్మదర్శిని ఉంటే చాలు, ఈ గుండ్లను స్లైడు మీద పరచి చూడవచ్చు, రెసిన్ దిమ్మల దాకా పోనక్కరలేదు. ఖర్చుకూ ఫలితానికీ ఇంత చక్కగా పొంతన కుదిరే పని మరొకటి నాకు తెలియదు.

పాటిదిబ్బ సంగతి వేరు. కడప జిల్లా పెద్దముడియం, హనుమంతరావుపేట, కర్నూలు వైపు రూపనగుడి, సింగనపల్లె, ఇంజేడు వంటి చోట్ల పురాతన పంటల నిపుణుడు డోరియన్ ఫుల్లర్ బృందం మట్టిని నీటిలో తేల్చి కాలిన గింజలను వేరుచేసింది. దక్షిణాదిలో తొలి వ్యవసాయం ఉలవలు, పెసలు, అండుకొర్రల వంటి చిరుధాన్యాల మీద నడిచిందని చెప్పగలిగింది ఇటువంటి పనివల్లే. దీనికి కావలసినవి పెద్ద తొట్టి, నీళ్లు, అర మిల్లీమీటరు కంటే సన్నని కన్నాలున్న గుడ్డ, ఓపిక. నల్లమట్టి గడ్డలను ముందు నీడన ఆరబెట్టి, తర్వాత వంటసోడా కలిపిన నీటిలో నానబెడితే బంక విడుతుంది. చేత్తో పిసికితే బొగ్గు పొడి అయిపోతుంది, కాబట్టి నిదానంగా తిప్పాలి. కాసేపటికి నల్లటి పొట్టులాంటిది పైకి తేలుతుంది, దాన్ని గుడ్డలోకి వంచి నీడనే ఆరబెట్టి భూతద్దం కింద చూస్తే, ఒక పక్క కొద్దిగా నొక్కుకుపోయిన ఉలవబద్ద గుర్తుపట్టేలా ఉంటుంది. మన ఇళ్లలో ఈనాటికీ గుగ్గిళ్లు వండుకునే గింజ అది.

పాటిదిబ్బకున్న పెద్ద లోపం కూడా మన సేద్యం నుంచే వచ్చింది. పాటిమన్ను బలమైన ఎరువని రైతులకు తరతరాలుగా తెలుసు, బండ్ల కొద్దీ, ఇప్పుడు ట్రాక్టర్ల కొద్దీ తోలి చేలకు చల్లుతారు. అంటే దిబ్బ తరిగిపోవడమే కాక, ఆ దిబ్బలోని పెంకులు మైలు దూరంలోని చేనులో కనిపిస్తాయి. చేను మీద పెంకులు చూసి అక్కడొక ఊరు ఉండేదని పటం గీసే ముందు, ఆ చేనికి ఎరువు ఎక్కడినుంచి తోలారో ఊరి పెద్దలను అడగడం కూడా పరిశోధనలో భాగమే.

నల్లరేగడిలో పనిచేసేవారు తెలుసుకోవలసినది

నా విద్యార్థి దశలో ఒక ఏప్రిల్ నెల, కుందూ పరివాహకంలోని ఒక చేనిగట్టు కోతలో దాదాపు మీటరు లోతున కొత్తరాతియుగపు బూడిదరంగు పెంకుల పక్కన ఆకుపచ్చ గాజు ముక్క ఒకటి దొరికింది. ఆ రోజంతా అది ఎంత పాతదై ఉంటుందో ఆలోచిస్తూ గడిపాను. సాయంత్రం ఆ చేను రైతు వచ్చి చూసి, "ఇది మా ఇంటోళ్ల గాజే సార్. ఎండకాలం నెర్రెలిచ్చినాయంటే గొడ్డు కాలు పడి ఇరుగుతాది, గాజుముక్క ఒగ లెక్కా?" అన్నాడు. ఆ తర్వాత కోతను నీళ్లు చిలకరించి మళ్లీ గీకితే, గాజు ముక్క పైనుంచి కిందికి దిగిన సన్నని నెర్రె, అందులో పడిన వదులు మట్టి స్పష్టంగా కనిపించాయి. అంతవరకు నేను గీసిన సెక్షన్ బొమ్మలో ఆ నెర్రె లేదు.

నల్లరేగడిలోని బంకమట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. మీటరు లోతుకు పైగా నెర్రెలు విచ్చుకుంటాయి, పై మట్టీ చిన్న వస్తువులూ అందులోకి జారతాయి. మళ్లీ వాన పడినప్పుడు ఉబ్బిన మట్టి పెద్ద రాళ్లను పైకి నెడుతుంది. ఏటా ఏరినా చేనిలో రాళ్లు మళ్లీ తేలుతాయని రైతులు అనేది దీని గురించే. కాబట్టి ఇక్కడ లోతును బట్టి కాలాన్ని ఊహించరాదు. గింజ దొరికితే పొరకు తేదీ కట్టి ఊరుకోక, ఆ గింజనే నేరుగా రేడియో కార్బన్‌కు పంపాలి. ఢిల్లీలోని అంతర విశ్వవిద్యాలయ త్వరణ కేంద్రంలో అంత చిన్న నమూనాలకు కూడా తేదీ కట్టగల సదుపాయం ఉంది. పెద్ద చెట్టు దుంగ బొగ్గు కంటే ఏడాది పంట గింజ మేలు, ఎందుకంటే దుంగ నడిమి భాగం మంటకు వందేళ్ల ముందే పెరిగి ఆగినదై ఉండవచ్చు.

కాల్చి తూకం తగ్గుదల చూసే పరీక్షను కూడా నల్లమట్టిలో ఆచితూచి వాడాలి. 550 డిగ్రీల దగ్గర పోయిన బరువంతా సేంద్రియ పదార్థమని రాస్తారు గానీ, బంకమట్టిలో బిగిసి ఉన్న నీరు కూడా అదే వేడికి పోతుంది. 950 డిగ్రీల దగ్గర పోయేది సున్నపు భాగం, అది మన సున్నపురాతి ప్రాంతంలో సహజంగానే ఎక్కువ. అయస్కాంత గ్రహణశీలత పరీక్ష (మట్టి అయస్కాంతానికి ఎంతగా లోనవుతుందో కొలిచేది) మంట జాడలకు చవకైనదీ వేగమైనదీ అయినా, అనంతపురం వైపు గ్రానైటులో గోడల్లా చొచ్చుకొచ్చిన డోలరైటు రాయి దగ్గర నేలే ఇనుముతో నిండి ఉంటుంది, మంట జాడను విడదీయడం కష్టం.

శ్రీశైలం జలాశయం వేసవిలో తగ్గినప్పుడు ఒడ్డున బయటపడే స్థలాలను చాలామంది ప్రస్తావిస్తారు. అక్కడ అలలు సన్నమట్టిని కడిగేసి వేర్వేరు కాలాల పెంకులను ఒకే పరుపు మీదికి దించి ఉంటాయి. నమోదు చేయడానికి అవి అవసరమే, మేటల అధ్యయనానికి మాత్రం నేను సలహా ఇవ్వను.

అనుమతి, కాలం, చివరి ఎంపిక

1958 నాటి పురాతన కట్టడాల చట్టం, దాని కింద వచ్చిన 1959 నియమాల ప్రకారం లైసెన్సు లేకుండా పురావస్తు తవ్వకం జరపరాదు. ఒక్కడే విద్యార్థి పలుగు పట్టుకుని దిబ్బ మీదికి వెళ్లడం నేరమే కాక, తిరిగి రాని నష్టం కూడా. అందుకే ఇప్పటికే తెరుచుకుని ఉన్న వాగుగట్లు, బాట కోతలు, పాత క్వారీ గోతులను ఎంచుకుని, అక్కడ కూడా సంబంధిత శాఖ నుంచీ భూమి యజమాని నుంచీ రాతపూర్వక అనుమతి తీసుకుని నమూనాలు తీయాలి. నల్లరేగడిలో శనగ కోత అయ్యాక, జనవరి చివర నుంచి ఫిబ్రవరి మధ్య వరకు మంచి అదను. నేలలో కొద్దిగా తేమ ఉంటుంది, పొరల రంగులు తేలుతాయి, నెర్రెలు ఇంకా పెద్దవి కావు. గవులకు ఈ కాలం పట్టింపు లేదు.

ఏడాది గడువు, తక్కువ డబ్బు ఉన్న విద్యార్థి బూదిదిబ్బ అంచునున్న ఒక్క కోతను తీసుకుని, పొరల వర్ణన, పేడ గుండ్లు, అయస్కాంత పరీక్ష, తేలుడు పద్ధతి, ఈ నాలుగిటితో ఆగాలి. మూడు నాలుగేళ్లు చేతిలో ఉండి, భూగర్భ శాస్త్ర విభాగం తోడున్నవారు గవికి వెళ్లవచ్చు. తేదీల ప్రయోగశాలతో ఒప్పందం కుదరకముందే జుర్రేరు లోయకు వెళ్లవద్దు. రెండు స్థలాలను పోల్చి రాయాలన్న ఉత్సాహం చాలామందికి ఉంటుంది గానీ, నల్లనేల కోత ఒకటి, ఎర్రనేల కోత ఒకటి తీసుకుంటే ఒక్కో పరీక్షకూ అర్థం మారిపోయి ఏడాది చాలదు.

ఏది ఎంచుకున్నా, ఆవాసం బయట, కొన్ని వందల మీటర్ల దూరంలో, పాటిమన్ను తోలని అదే రకం నేల నుంచి అదే లోతుల్లో పోలిక నమూనాలు తప్పక తీయాలి. దిబ్బ మట్టిలో కనిపించిన ఫాస్ఫేటు, అయస్కాంత గుణం, సేంద్రియ పదార్థం మనిషివా నేలవా అని చెప్పగలిగేది ఆ సంచులే. ప్రతి సంచిలోనూ సగం మట్టిని ముట్టుకోకుండా దాచి, లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ పెన్సిలుతో రాసి పెట్టాలి, ఎందుకంటే తడి నల్లమట్టిలో పెన్ను రాత నెల తిరగకుండానే చెరిగిపోతుంది.